ఎడమామే చిరుతిండిగా: ఎంత తినాలి, ఎలా ఉడికించాలి, ఒంటికి నిజంగా ఏం అందుతుంది

ఎడమామే, అంటే పచ్చి సోయా చిక్కుడు, ప్యాకెట్ చేతికి రాగానే చాలామంది వెనక్కి తిప్పి ప్రొటీన్ ఎంతుందో చూస్తారు. నేనైతే దానికంటే ముందు ఇంకొకటి చూడమంటాను: లోపల ఉన్నవి కాయలా, ఒలిచిన గింజలా? కాయ బరువులో దాదాపు సగం తొక్కే. ఆ తొక్క నమిలి మింగేది కాదు, గింజలు తీసుకుని పక్కన పడేసేది. ఈ సంగతి పట్టించుకోక నేను రెండు నెలలు తప్పు లెక్క రాసుకున్నాను. రోజూ సాయంత్రం 200 గ్రాముల కాయలు ఉడికించుకోవడం, తినడం, పుస్తకంలో "ప్రొటీన్ 24 గ్రాములు" అని వేసుకోవడం. ఒకరోజు తినడం అయిపోయాక పళ్ళెంలో కుప్పగా మిగిలిన తొక్కలు చూసి అనుమానం వచ్చి వాటిని కూడా తూచాను. 98 గ్రాములు వచ్చాయి. అంటే నా కడుపులోకి వెళ్ళింది 102 గ్రాముల గింజలు, ప్రొటీన్ 12 గ్రాములు, అంతే.

కాబట్టి కింద ఇచ్చే అంకెలన్నీ ఒలిచిన, ఉడికిన గింజలకు. మీరు కాయలతో తూస్తే సగం తీసేసి లెక్క వేసుకోండి. ప్యాకెట్ల మీద కూడా ఇదే తికమక ఉంటుంది, కొన్నిటి మీద పోషకాల పట్టిక తొక్క తీసిన గింజకు రాస్తారు, కొన్నిటి మీద "ఒకసారి తినే మోతాదు" ఇన్ని కాయలు అని ఉంటుంది, మళ్ళీ దాని కింద చిన్న అక్షరాల్లో తినదగిన భాగం ఎంతో ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే అసలు సంగతి.

ఇంతకీ ఇదేంటి

ఎడమామే వేరే పంటేం కాదు, సోయా చిక్కుడే. ముదిరి ఎండిపోకముందే, గింజ కాయ నిండా ఊరి ఇంకా పచ్చగా మెత్తగా ఉన్నప్పుడు కోసేస్తారు. జపాన్ భాషలో 'ఎడ' అంటే కొమ్మ, 'మామే' అంటే చిక్కుడు గింజ, కొమ్మతో సహా కోసి అమ్మేవాళ్ళు కాబట్టి ఆ పేరు. కొత్తగా పుట్టిన ఫ్యాషన్ తిండి కూడా కాదు, 1275లో నిచిరెన్ అనే బౌద్ధ భిక్షువు తనకు ఎడమామే పంపినవాళ్ళకు ధన్యవాదాలు చెబుతూ రాసిన ఉత్తరం ఉంది. చైనాలో దీన్ని నూగు చిక్కుడు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. పచ్చి కాయ మీద ఒకసారి వేలు పెట్టి చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమైపోతుంది.

పచ్చిగా కోయడం వల్ల రుచీ మారుతుంది, లెక్కలూ మారతాయి. ఎండు సోయా గింజల్లో 100 గ్రాములకు 36 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అది చూసి ఎడమామేలో 12 గ్రాములేనా అని కొందరు పెదవి విరుస్తారు. కానీ ఎండు గింజలో నీళ్ళు చాలా తక్కువ, ఎడమామేలో నూటికి 73 వంతులు నీళ్ళే. ఎండు గింజ 100 గ్రాములకు 446 కేలరీలు, ఇది 121. నీళ్ళతో నిండిన తిండి కాబట్టే గిన్నెడు తిన్నా బరువుగా ఉండదు. చిరుతిండికి కావలసింది కూడా అదే కదా.

అంకెల్లో ఏముంది

అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం ఫ్రీజర్‌లోంచి తీసి ఉడికించిన గింజలు 100 గ్రాములకు 121 కేలరీలు, ప్రొటీన్ సుమారు 12 గ్రాములు, కొవ్వు 5, పిండి పదార్థాలు 9, ఆ తొమ్మిదిలోనే పీచు 5 గ్రాములకు పైగా. ఈ చివరిది కాస్త ఆగి చూడండి. పిండి పదార్థాల్లో సగానికి పైగా పీచు అయితే రక్తంలో చక్కెరను పెంచేది నిజంగా మిగిలింది 4 గ్రాములు కూడా లేదు. అందుకే ఇది తిన్న గంటకు మళ్ళీ నీరసం, మళ్ళీ ఆకలి అన్నది రాదు. పచ్చి బఠాణీతో పోల్చి చూడండి, ఉడికించినవి 100 గ్రాములకు ప్రొటీన్ 5 గ్రాముల చిల్లర, పిండి పదార్థాలు 15 పైనే. రెండూ పచ్చగా గుండ్రంగా ఒకేలా కనబడతాయి కానీ పని వేరు.

ప్రొటీన్ ఎంత అన్నదాని కంటే ఎలాంటిది అన్నది ముఖ్యం. మన ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలు తొమ్మిది, ఆ తొమ్మిదీ సోయాలో దాదాపు సరిపడా ఉన్నాయి. మొక్కల నుంచి వచ్చే తిండిలో ఇది అరుదు. మెథియోనిన్ ఒక్కటి కాస్త తక్కువ, కానీ రోజు మొత్తంలో ధాన్యం ఏదో ఒకటి తినేవాళ్ళకు ఆ లోటు దానంతటదే పూడిపోతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

తర్వాత ఫోలేట్, బి విటమిన్లలో ఒకటి. నా దృష్టిలో ఎడమామే గొప్పతనం ప్రొటీన్ కంటే ఇక్కడే ఎక్కువ, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 100 గ్రాములకు 311 మైక్రోగ్రాములు. పెద్దవాళ్ళకు రోజుకు కావలసింది 400, గర్భిణులకు 600. చిరుతిండిగా తిన్న ఒక గిన్నెలోంచి రోజు అవసరంలో సగానికి పైగా రావడం మామూలు విషయం కాదు. అయితే గర్భిణులకు డాక్టర్ రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు దీన్ని చూసి మానేయకూడదు. కొత్త కణాలు తయారవ్వాలంటే ఫోలేట్ కావాలి, బిడ్డ వెన్నుపాము మొదటి వారాల్లోనే ఏర్పడుతుంది, అక్కడ తిండి మీద మాత్రమే ఆధారపడకుండా మాత్ర కూడా ఇస్తారు.

మెగ్నీషియం 64 మిల్లీగ్రాములు, పొటాషియం 436, ఐరన్ 2.3 దాకా, కాల్షియం 63, విటమిన్ కె సుమారు 27 మైక్రోగ్రాములు. ఇందులో ఐరన్ గురించి ఒక మాట. మొక్కల్లో ఉండే ఐరన్ ఒంటికి పూర్తిగా పట్టదు, సోయాలో ఉండే ఫైటిక్ ఆమ్లం దాన్ని ఇంకాస్త అడ్డుకుంటుంది. విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది. ఎడమామేలో విటమిన్ సి ఉంది కానీ 6 మిల్లీగ్రాములే, అది చాలదు. పక్కన ఒక నారింజ పెట్టుకోండి, లేదా తినేటప్పుడు నిమ్మరసం పిండుకోండి.

లేనివి కూడా చెప్పాలి. బి12 లేదు. అందులోని ఒమేగా 3 మొక్కల రకం, ఉన్నదే కొంచెం, మన ఒళ్ళు అందులోంచి పనికొచ్చే రూపంలోకి మార్చుకునేది ఇంకా కొంచెం. మాంసం, చేపలు, పాలు అసలు తినని వాళ్ళు ఈ రెండింటికీ వేరే దారి చూసుకోవాలి, ఎడమామే మీద భారం వేయకండి.

చిరుతిండిగా ఎంత

నేను స్థిరపడిన మోతాదు 150 గ్రాముల కాయలు. అంటే 75 గ్రాముల గింజలు, 90 కేలరీలు, 9 గ్రాముల ప్రొటీన్, 4 గ్రాముల పీచు. గుడ్డుతో పోలిస్తే ప్రొటీన్ ఒకటిన్నర గుడ్డంత, పైగా గుడ్డులో పీచు ఉండదు. చిప్స్‌తో పోలిస్తే, 30 గ్రాముల చిన్న ప్యాకెట్‌లోనే 160 కేలరీలు, ప్రొటీన్ 2 గ్రాములు, పీచు గ్రాము చిల్లర. తూకం లేకపోతే రెండు చేతులు దోసిలి పట్టి, అందులో నిండుగా పట్టినన్ని కాయలు వేసుకోండి, కాస్త అటూ ఇటూగా సరిపోతుంది.

కాయలతోనే తినమనడానికి కారణం ఉంది. గింజలు ఒలిచి గిన్నెలో పోసుకుంటే 75 గ్రాములు చెంచాతో నాలుగు నిమిషాల్లో అయిపోతాయి, తిన్నట్టే ఉండదు. కాయలైతే ఒక్కోటి తీసి, అంచు పెదాల మధ్య పెట్టి, వేళ్ళతో నొక్కితే గింజ జారి నోట్లో పడుతుంది, ఒక కాయకు రెండో మూడో. మళ్ళీ ఇంకో కాయ. అలా పావుగంట పడుతుంది. కడుపు నిండిందన్న కబురు తలకెక్కడానికి కొంత సమయం కావాలి, ఆ సమయం ఈ ఒలుచుకోవడంలోనే దొరుకుతుంది. ఖాళీ తొక్కలు ఎదురుగా పేరుకుంటుంటే ఎంత తిన్నామో కంటికి కనబడుతుంది కూడా. ఫోన్ చూస్తూ చెయ్యి ప్యాకెట్‌లోకి పోనిచ్చే అలవాటున్న వాళ్ళకు ఇది చాలా మంచిది, రెండు చేతులూ దీనికే కావాలి.

ఎప్పుడు తినాలంటే, మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఆకలి మొదలయ్యే వేళకు. ఆకలి కరకరలాడే దాకా ఆగకండి, అప్పుడు ఒలుచుకునే ఓపిక ఉండదు, ఏది కనబడితే అది తినేస్తారు. వ్యాయామానికి ముందు గంటలో వద్దు, పీచు కడుపులో కదలకుండా కూర్చుంటుంది. వ్యాయామం అయ్యాక బాగుంటుంది, కాకపోతే ఇందులో పిండి పదార్థం తక్కువ కాబట్టి ఒక పండు కూడా తోడు చేసుకోండి.

కొనేటప్పుడు

తాజా కాయలు దొరికితే ఆకుపచ్చ ముదురుగా, గింజలు బయటికి ఉబ్బి కనబడేవి తీసుకోండి. పసుపు తిరిగినవి వద్దు, అవి ముదిరిపోయి తీపి పోయి ఉంటాయి. కాయ మరీ చదునుగా ఉంటే లోపల గింజ ఇంకా ఊరలేదన్నమాట. ఇంటికి తెచ్చాక ఎంత తొందరగా ఉడికిస్తే అంత మంచిది. కోసిన దగ్గర్నుంచీ గింజ బతికే ఉంటుంది, తనలోని చక్కెరను తానే ఖర్చు పెట్టుకుంటూ ఉంటుంది, వేడిలో ఉంచితే ఒక్క రోజులోనే తేడా నాలుకకు తెలిసిపోతుంది. ఆ రోజే వండలేకపోతే కనీసం ఫ్రిజ్‌లో పెట్టండి.

ఫ్రీజర్ ప్యాకెట్లను తక్కువగా చూడకండి. కోసిన కొన్ని గంటల్లోనే వేడినీళ్ళలో ముంచి గడ్డకట్టిస్తారు కాబట్టి, మూడు రోజులు బయట తిరిగిన తాజా కాయ కంటే అవే నయం. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో సోయా చిక్కుడు, మహా అయితే ఉప్పు, అంతకు మించి ఉండకూడదు. లోపల కాయలన్నీ ఒకే మంచుగడ్డగా అతుక్కుపోయి ఉంటే మధ్యలో ఒకసారి కరిగి మళ్ళీ గట్టిపడ్డాయని అర్థం, అది వదిలేయండి.

పెరట్లో వేసుకునేవాళ్ళకు ఒక సూచన. నూనె తీసే పొలం సోయాను పచ్చిగా కోసి కూడా తినొచ్చు, కానీ గింజ చిన్నది, పచ్చి వాసన ఎక్కువ. కూరగాయగా వాడటానికే ఎంచి పెంచిన రకాలు వేరే ఉన్నాయి, గింజ పెద్దది, తీపి ఎక్కువ. కోయడానికి సరైన రోజులు కొద్దే ఉంటాయి, ఆ వారం దాటిందంటే గింజ గట్టిపడిపోతుంది.

ఉడికించడం

ముందు గట్టిగా చెప్పాల్సింది, పచ్చిగా తినకండి. పచ్చి సోయాలో ప్రొటీన్‌ను అరగనివ్వని పదార్థాలు ఉంటాయి, ట్రిప్సిన్ ఇన్హిబిటర్లు అంటారు, మన పేగుల్లో ప్రొటీన్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను అవి పట్టుకుని ఆపేస్తాయి. పచ్చిగా తింటే కడుపునొప్పి, వాంతులు రావచ్చు. వేడి తగిలితే వాటి పని చాలావరకు ఆగిపోతుంది. ఫ్రీజర్‌వి కూడా మంచు కరిగాక అలాగే నోట్లో వేసుకోకండి, గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు, ఒకసారి బాగా వేడి చేయాల్సిందే.

తాజా కాయలైతే రెండు కొసలూ కత్తెరతో కొంచెం కత్తిరించండి. ఆ చిన్న కంత లోంచే ఉప్పునీళ్ళు లోపలికి వెళ్ళి గింజకు తగులుతాయి, లేకపోతే ఎంత ఉప్పు వేసినా రుచి తొక్కకే ఆగిపోతుంది. ఇప్పుడు కడిగిన కాయల మీద ఒక చెంచా ఉప్పు చల్లి రెండు చేతులతో నలపండి, మరీ గట్టిగా కాదు, బట్ట ఉతికేటప్పుడు కాలరు రుద్దినట్టు. నూగు ఊడి అరచేతులకు అంటుకుంటుంది, కాయ రంగు ఒక్కసారిగా ముదురుతుంది. ఆ ఉప్పుతోనే మరుగుతున్న నీళ్ళలో వేసేయండి. జపాన్ వాళ్ళ లెక్క లీటరు నీళ్ళకు మొత్తం 40 గ్రాముల ఉప్పు. వినగానే భయమేస్తుంది, కానీ అందులో చాలా భాగం వార్చిన నీళ్ళతో పోతుంది. బీపీ ఉన్నవాళ్ళు దీన్ని పావుకు తగ్గించుకోండి, లేదా అసలు మానేయండి, ఆ సంగతి కింద చెబుతాను.

గిన్నె పెద్దది తీసుకోండి, నీళ్ళు ఎక్కువ పోయండి, మూత పెట్టకండి. గింజలోంచి కొన్ని ఆమ్లాలు ఆవిరితో బయటికి పోవాలి. మూత పెడితే అవి తిరిగి నీళ్ళలోకే కారి, ఆకుపచ్చదనంలో ఉండే మెగ్నీషియంను లాగేస్తాయి, కాయలు బూజు రంగులోకి తిరుగుతాయి. నిమ్మరసం కూడా ఇదే పని చేస్తుంది, అందుకే అది తినే నిమిషంలోనే పిండాలి, ముందే కలిపి పెట్టకూడదు. రంగు కోసం వంటసోడా వేసేవాళ్ళు ఉన్నారు, రంగు నిలబడే మాట నిజమే, కానీ గింజ పిండిలా అయిపోతుంది, బి1 విటమిన్ కూడా నాశనమవుతుంది. వద్దు.

తాజావి 4 నుంచి 5 నిమిషాలు, ఫ్రీజర్‌వి నీళ్ళు మళ్ళీ మరగడం మొదలయ్యాక 3 నుంచి 4 నిమిషాలు. గడియారాన్ని కాదు, గింజను నమ్మండి. మూడో నిమిషంలో ఒక కాయ తీసి, ఊది, గింజ కొరకండి. పంటికి కొంచెం ఎదురు చెప్పి తర్వాత మెత్తగా విడిపోవాలి. కరకరమంటే ఇంకొక నిమిషం. నొక్కగానే పేస్టులా అయితే దాటిపోయింది, ఈసారి తగ్గించండి. వార్చాక చన్నీళ్ళ కింద పెట్టకండి, కాయలోకి నీళ్ళు చేరి రుచి చప్పబడుతుంది. వెడల్పాటి పళ్ళెంలో ఒక వరుసగా పరచి విసనకర్రతో గానీ ఫ్యాన్ కింద గానీ ఆరనివ్వండి.

ఫోలేట్ నీళ్ళలో కరిగిపోయే రకం, ఎంతసేపు ఉడికిస్తే అంత వార్చిన నీళ్ళలోకి పోతుంది. దాని కోసమే తినేవాళ్ళు ఆవిరి మీద 6, 7 నిమిషాలు పెట్టుకోవడం మేలు. తొందరలో ఉంటే మైక్రోవేవ్ కూడా బాగానే పనిచేస్తుంది, ఫ్రీజర్ కాయలు గిన్నెలో వేసి రెండు చెంచాల నీళ్ళు చల్లి వదులుగా మూత పెట్టి 3 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలిపి, చివర్లో మధ్యలో ఉన్న కాయ కూడా పొగలు కక్కేంత వేడెక్కిందో లేదో చూసుకోవాలి.

ఉప్పు, మిగతా హంగులు

ఎడమామేలో సహజంగా ఉండే సోడియం 100 గ్రాములకు 6 మిల్లీగ్రాములు, అంటే లేనట్టే. చెడగొట్టేది మన చెయ్యే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటోంది, ఒక చిన్న చెంచా నిండా తీస్తే అంతే ఉంటుంది. ఇక్కడ కాయ మళ్ళీ సాయం చేస్తుంది. ఉడికించే నీళ్ళలో ఉప్పు మానేసి, చివర్లో కాయల పైన చిటికెడు కల్లుప్పు చల్లండి. కాయ పెదాలకు తగిలినప్పుడు ఉప్పు నాలుకకు ముందు తెలుస్తుంది, లోపలి గింజ ఉప్పు లేకుండానే ఉంటుంది, కొంత ఉప్పు తొక్కతోనే పోతుంది. ఒలిచిన గింజలకు అదే రుచి రావాలంటే చాలా ఎక్కువ పడుతుంది.

మార్పు కోసం ఉడికిన కాయల్ని నూనె లేని వేడి పెనం మీద అక్కడక్కడ నల్ల మచ్చలు పడేదాకా వేయించి చూడండి, ఆ కాలిన వాసన వేళ్ళకు అంటి గింజతో పాటు నోట్లోకి వస్తుంది. మిరియాల పొడి, కారం, నువ్వులు, వెల్లుల్లి, ఏదైనా నప్పుతుంది. నూనె దగ్గర మాత్రం చెయ్యి ఆపండి. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు, అంటే 100 గ్రాముల గింజలతో సమానం. గింజల్ని వెల్లుల్లి, నిమ్మరసం వేసి మెత్తగా రుబ్బి క్యారెట్ ముక్కలతో అద్దుకు తినడం నాకు ఇష్టం, నూనె ఒక చిన్న చెంచా చాలు, మిగతా పల్చన ఉడికించిన నీళ్ళతోనే వచ్చేస్తుంది.

ప్యాకెట్లలో వచ్చే వేయించిన ఎండు ఎడమామే గురించి చాలామందికి అపోహ ఉంది. పేరు ఒకటే గానీ అది వేరే తిండి అనుకోండి. నీళ్ళన్నీ పోవడంతో 30 గ్రాములకే 130 కేలరీల దాకా ఉంటుంది, ప్రొటీన్ కూడా 12 నుంచి 14 గ్రాములు. ప్రయాణంలో, ఆఫీసు సొరుగులో పెట్టుకోవడానికి దాన్ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ ఒలిచే పని లేదు, నీళ్ళు లేవు, రెండు గుప్పిళ్ళు ఎప్పుడు అయ్యాయో తెలియదు. పెద్ద సంచిలోంచి నేరుగా తినకుండా ముందే చిన్న డబ్బాలో కొలిచి పోసుకోండి, పక్కన పెద్ద గ్లాసుడు నీళ్ళు ఉంచుకోండి.

కడుపు ఉబ్బరం

చాలామంది మొదటి రోజే గిన్నెడు తిని, ఆ రాత్రి గ్యాస్‌తో ఇబ్బందిపడి, ఇది నాకు పడదు అని వదిలేస్తారు. కారణం రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు, కాబట్టి అవి అలాగే పెద్దపేగు దాకా వెళ్తాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని తిని గ్యాస్ వదులుతుంది. అది జబ్బు కాదు, ఆ బ్యాక్టీరియాకు మేత దొరికిందన్నమాట. మొదటి వారం 60 గ్రాముల కాయలతో మొదలుపెట్టి, రెండో వారం 100, ఆ తర్వాత 150 చేయండి. నమలడం ముఖ్యం, మింగేస్తే బాధ ఎక్కువ. పడుకునే ముందు కాకుండా పగలు తింటే నిద్ర చెడదు. ఇంత చేసినా రెండు మూడు వారాల్లో సర్దుకోకపోతే అప్పుడు నిజంగానే మీకు పడదు, బలవంతం చేసుకోకండి.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి

సోయా అలర్జీ ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు, ఇందులో ఎక్కువ తక్కువల మాట లేదు. మొదటిసారి తిన్నాక నోట్లో దురద, పెదాల వాపు, ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆపేసి డాక్టర్‌కు చూపించండి, ఊపిరి ఆడకపోతే వెంటనే ఆసుపత్రికి.

థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్ళు ఎడమామే మానక్కర్లేదు, మాత్రకు దూరంగా తింటే చాలు. సోయా ఆ మందును పేగుల్లో ఒంటికి పూర్తిగా పట్టనివ్వకపోవచ్చు. పొద్దున పరగడుపున మాత్ర, సాయంత్రం ఎడమామే అంటే ఇబ్బంది ఉండదు. ఒక వారం రోజూ తిని, ఇంకో వారం పూర్తిగా మానేసి, ఇలా చేస్తే మాత్రం మోతాదు కుదరదు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్ళకు కూడా ఇదే సూత్రం, విటమిన్ కె ఉంది కాబట్టి తినే మోతాదు రోజూ ఒకేలా ఉండాలి, కొత్తగా మొదలుపెట్టేముందు డాక్టర్‌తో చెప్పాలి. మూత్రపిండాల జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్ళు, ఆక్సలేట్ రాళ్ళు వచ్చినవాళ్ళు అడగకుండా మొదలుపెట్టవద్దు.

చిన్నపిల్లలకు గింజ గుండ్రంగా జారుడుగా ఉంటుంది, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. నాలుగైదేళ్ళు వచ్చేదాకా వేలితో చిదిమి పెట్టండి, వేయించినవి అసలు ఇవ్వకండి.

మగవాళ్ళు సోయా తింటే ఆడ హార్మోన్లు పెరుగుతాయన్న భయం ఇంకా పోలేదు. సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఆకారంలో ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటాయి, భయం అక్కడినుంచి వచ్చింది. పోలిక ఉన్నంత మాత్రాన పని ఒకటి కాదు, వాటి ప్రభావం చాలా బలహీనం. అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2010లో ఒకసారి, 2021లో మళ్ళీ లెక్కగట్టి చూశారు, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌లో మార్పు కనబడలేదు. ఎడమామేలో ఐసోఫ్లేవోన్లు 100 గ్రాములకు సుమారు 18 మిల్లీగ్రాములే. రొమ్ము క్యాన్సర్ విషయంలోనూ తిండి రూపంలో సోయా హాని చేస్తుందని తేలలేదు. గాఢంగా తీసిన ఐసోఫ్లేవోన్ మాత్రల సంగతి వేరు, అవి డాక్టర్ చెప్పనిదే వద్దు.

రెండోవైపు, గుండెకు మందులా పనిచేస్తుందని చెప్పేవాళ్ళ మాట కూడా పూర్తిగా నమ్మకండి. రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లో అనుమతి ఇచ్చింది, తర్వాతి పరిశోధనల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడంతో 2017లో ఆ అనుమతి వెనక్కి తీసుకోవాలని తనే ప్రతిపాదించింది. మన గిన్నెలో వచ్చేది 9 గ్రాములు, 25 కాదు. నాకు తోచేది ఇంకా సూటి కారణం. దీన్ని తిన్న సాయంత్రం నూనెలో వేయించిందీ, చక్కెర పాకంలో ముంచిందీ తినలేదు. మేలు చాలావరకు అక్కడినుంచే వస్తుంది.

వారానికి సరిపడా సిద్ధం చేసుకోవడం

ఆదివారం ఒక కిలో ఫ్రీజర్ కాయలు తెచ్చి, ఇంటికి రాగానే కరగకముందే 150 గ్రాముల చొప్పున చిన్న సంచుల్లో పోసి గాలి లేకుండా కట్టి మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టేస్తాను, ఆరు సంచులై ఇంకొంచెం మిగులుతాయి. ఆ మిగిలినవి అదే రోజు తినేస్తాను. ఉడికించినవి మిగిలితే రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి చేర్చండి, కాయలతోనే ఉంచండి, ఒలిస్తే గింజ ఎండిపోయి ముడతలు పడుతుంది. మూడు రోజుల్లో తినేయాలి. పట్టుకుంటే జారుడుగా బంకగా తగిలినా, పులిసిన వాసన వచ్చినా రుచి చూడకుండా పారేయండి. చల్లగా తిన్నా బాగుంటాయి, నాకు వేడివాటికంటే చల్లటివే ఇష్టం, తీపి ఇంకాస్త తెలుస్తుంది. పక్కన తొక్కలకు ఒక ఖాళీ గిన్నె పెట్టుకోవడం మరిచిపోకండి, మొదటి వారం ఆ తొక్కల్ని కూడా ఒకసారి తూచి చూసుకోండి, మీ ప్యాకెట్‌లో గింజ ఎంత, తొక్క ఎంత అన్నది మీకే తెలిసిపోతుంది.